చెన్నై మిద్దె మీద అక్షాంశం: అంకె చదవడం, కొలవడం, తప్పులు ఎక్కడ వస్తాయి

మీరు అడిగినవి నాలుగు. తొమ్మిదో తరగతి చదివే మీ అమ్మాయి ప్రశ్న: నేల మీద కనబడని గీతతో ఊరిని ఎలా కనుక్కుంటారు? మీ ప్రశ్న: ఫోనులో చెన్నైకి 13.0827 అని వస్తోంది, అట్లాసులో 13°05′ అని ఉంది, ఏది సరైనది? తుఫాను వార్తల్లో చెప్పే అక్షాంశం వింటే అది మన వైపు వస్తోందో నెల్లూరు వైపు పోతోందో తెలుస్తుందా? బడి ప్రాజెక్టుకు మిద్దె మీదే అక్షాంశం కొలిచే వీలుందా?

ముందు గీతను పక్కన పెట్టండి. పిల్లలకు ఇది అర్థం కాకపోవడానికి కారణం ఆ గీతతో మొదలుపెట్టడమే. అక్షాంశం అంటే ఒక కోణం. మన నడినెత్తి మీది దిక్కు భూమధ్యరేఖ తలానికి ఎన్ని డిగ్రీల వాలులో ఉందో అదే మన అక్షాంశం. భూమధ్యరేఖ మీద నిలబడితే సున్నా, ధ్రువం మీద నిలబడితే 90, చెన్నైలో సుమారు 13. ఈ కోణం నేల మీద ఎవరూ గీయక్కర్లేదు. ఆకాశం చూస్తే దొరుకుతుంది, అందుకే పటాలు లేని కాలంలో కూడా దొరికింది. ఒకే కోణం వచ్చిన చోట్లన్నీ పటం మీద కలిపితే గీత వస్తుంది.

అలా కలిపిన 13 డిగ్రీల గీత మీ ఊళ్ళోంచే పోతుంది. సముద్రం మీంచి బీసెంట్ నగర్ దగ్గర ఒడ్డెక్కి, గిండీ దక్షిణపు అంచుల మీదుగా, పరంగిమలై (సెయింట్ థామస్ మౌంట్) పక్కనుంచి పడమటికి సాగి బెంగళూరులో మల్లేశ్వరం మీదుగా వెళ్తుంది. ఆ పైన అరేబియా సముద్రం, ఆఫ్రికా, అట్లాంటిక్ దాటి బార్బడోస్ దీవి పక్కనుంచి పోయి, పసిఫిక్ మీదుగా చుట్టు తిరిగి మళ్ళీ బీసెంట్ నగర్ చేరుతుంది. మొత్తం చుట్టు సుమారు 39,000 కి.మీ. అంటే "13 డిగ్రీల ఉత్తర అక్షాంశం" అని మాత్రమే చెబితే చెన్నైకీ బార్బడోస్‌కూ తేడా తెలియదు. చోటు తేలాలంటే ఆ చుట్టును అడ్డంగా కోసే రెండో గీత ఒకటి కావాలి. మామూలుగా అది రేఖాంశం. కానీ రేఖాంశమే కానక్కర్లేదు, తీరరేఖ అయినా చాలు, రైలు మార్గమైనా చాలు. తుఫాను సంగతి దగ్గర ఇది బాగా పనికొస్తుంది.

ఇక దూరాలు. చెన్నై దగ్గర అక్షాంశంలో ఒక డిగ్రీ తేడా అంటే ఉత్తర దక్షిణాలుగా 110.6 కి.మీ. డిగ్రీలో అరవయ్యో వంతు నిమిషం, 1.84 కి.మీ. నిమిషంలో అరవయ్యో వంతు సెకను, దాదాపు 31 మీటర్లు. ఇవి గడియారపు నిమిషాలు, సెకన్లు కావని అమ్మాయికి మొదటే చెప్పండి. భూమి ధ్రువాల దగ్గర కాస్త అణిగి ఉండడం వల్ల డిగ్రీ పొడవు భూమధ్యరేఖ దగ్గర 110.57, ధ్రువాల దగ్గర 111.69 కి.మీ. ఉంటుంది. తేడా ఒక శాతమే కాబట్టి నోటి లెక్కకు ఎక్కడైనా 111 పెట్టుకోవచ్చు. రేఖాంశం అలా కాదు. ఆ గీతలు ధ్రువాల వైపు పోయేకొద్దీ దగ్గరపడతాయి. భూమధ్యరేఖ దగ్గర డిగ్రీకి 111.3 కి.మీ. ఉన్నది, మన 13 డిగ్రీల దగ్గర 108.5, 60 డిగ్రీల దగ్గర సగానికి సగం.

ఈ ఒక్క లెక్కతో ఎన్నో తేలతాయి. ఒంగోలు 15.50, చెన్నై 13.08, తేడా 2.42. దాన్ని 110.6తో గుణిస్తే 268 కి.మీ. రెండూ 80 డిగ్రీల రేఖాంశానికి కాస్త తూర్పుగా, దాదాపు ఒకే నిలువులో ఉన్నాయి కాబట్టి గాల్లో గీసిన దూరం దాదాపు అంతే. చెన్నై, బెంగళూరు అక్షాంశాలు దాదాపు ఒకటే, రేఖాంశాల తేడా 2.68, దాన్ని 108.5తో గుణిస్తే 291 కి.మీ. రోడ్డూ రైలూ వంకరలు తిరుగుతాయి కనుక వాటి లెక్క ఎప్పుడూ ఇంతకన్నా ఎక్కువే.

ఇప్పుడు 13.0827, 13°05′ గొడవ. రెండూ సరైనవే, రాసే తీరు వేరు. చుక్క తర్వాతి భాగాన్ని 60తో గుణించండి: 0.0827 × 60 = 4.96 నిమిషాలు. మళ్ళీ 0.96 × 60 చేస్తే సుమారు 58 సెకన్లు. అంటే 13°04′58″, అట్లాసు దాన్ని సవరించి 13°05′ అంది. అయితే ఊరంటే ఒక చుక్క కాదని గుర్తుంచుకోవాలి. ఎన్నూరు 13.21 దగ్గర, షోళింగనల్లూరు 12.90 దగ్గర ఉన్నాయి. మధ్య 34 కి.మీ. "చెన్నై అక్షాంశం" అని ఫోను చూపిన అంకె సెంట్రల్ స్టేషన్ దరిదాపులది. అమ్మాయి ప్రాజెక్టులో మీ మిద్దె అంకె రాయాలి, ఊరి అంకె కాదు.

ఎక్కువ మంది దెబ్బతినేది ఇక్కడే. రాసే పద్ధతులు మూడున్నాయి. ఒకటి, డిగ్రీలు, నిమిషాలు, సెకన్లు. రెండు, డిగ్రీలు, చుక్క పెట్టిన నిమిషాలు. పడవల్లో వాడే జీపీఎస్ పెట్టెల్లో ఎక్కువగా ఇదే. మూడు, చుక్క పెట్టిన డిగ్రీలు, ఫోన్లలో ఇది. 13°05′ అని ఉన్నదాన్ని 13.05 అని టైపు చేస్తే అది 13°03′ అవుతుంది, మీరు 3.7 కి.మీ. దక్షిణానికి జారిపోయినట్టు. 13°05.30′ అన్నదాన్ని 13°05′30″ అని చదివితే తప్పు 12 సెకన్లు, దాదాపు 370 మీటర్లు. వీధి చిరునామాకు ఇది చిరాకు మాత్రమే. కాశిమేడు నుంచి వేటకు పోయిన పడవ ఆగిపోయి సాయం అడిగేటప్పుడు, రాత్రి అలల్లో వెతికేవాళ్ళకు 370 మీటర్లంటే పడవ కనబడకుండా పోవచ్చు. అందుకే కోస్ట్ గార్డు 1554 నంబరుకు చెప్పేటప్పుడు "పదమూడు డిగ్రీలు, సున్నా అయిదు పాయింటు మూడు సున్నా నిమిషాలు, ఉత్తరం" అని ప్రతి ముక్కా పేరుతో చెప్పాలి. అంకెలు మాత్రం వరసగా చదివేయకూడదు. పులికాట్ నుంచి కృష్ణపట్నం దాకా మీ బంధువులెవరైనా పడవల్లో పోయేవాళ్ళుంటే ఈ సంగతి తప్పక చెప్పండి.

ఇంకో తప్పు వరస మార్చడం. అక్షాంశం ముందు, రేఖాంశం తర్వాత అన్నది వాడుక, ఫోను మ్యాపు కూడా అలాగే అడుగుతుంది. కానీ మ్యాపుల కోసం తయారుచేసే కొన్ని ఫైళ్ళలో రేఖాంశం ముందు రాస్తారు. చెన్నైని తిరగేసి 80.27, 13.08 అని ఇస్తే మ్యాపు మిమ్మల్ని నార్వేకు చెందిన స్వాల్బార్డ్ దీవుల ఉత్తరపు అంచున మంచుసముద్రంలో పడేస్తుంది. దేశమంతా ఉత్తరార్ధంలోనే, తూర్పు రేఖాంశాల్లోనే ఉంది కదా అని మనవాళ్ళు "ఉ", "తూ" రాయడం మానేస్తారు. ఆ అలవాటు మంచిది కాదు. ముందు మైనస్ గుర్తు పడితే చెన్నై కాస్తా హిందూ మహాసముద్రంలో దక్షిణాన తేలుతుంది.

ఎన్ని అంకెలు రాయాలన్నది కూడా తెలిసి ఉండాలి. చుక్క తర్వాత ఒక అంకె అంటే 11 కి.మీ. మేర, రెండైతే 1.1 కి.మీ., మూడైతే 110 మీటర్లు, నాలుగైతే 11 మీటర్లు, అయిదైతే 1.1 మీటరు. ఆరుబయట మంచి సిగ్నల్ ఉన్నా మామూలు ఫోను అయిదారు మీటర్ల తేడాతో చూపిస్తుంది, ఎత్తయిన అపార్ట్‌మెంట్ల మధ్య గోడలకు తగిలి వచ్చే సిగ్నల్ వల్ల ఇంకా ఎక్కువ. కాబట్టి అయిదు అంకెల తర్వాత ఫోను రాసేదంతా మీకు పనికిరాని సరుకు. ప్రాజెక్టులో ఏడు అంకెలు రాస్తే టీచరు అడగాల్సిన మొదటి ప్రశ్న అదే.

తుఫాను సంగతి. వాతావరణ శాఖ బులెటిన్లలో కేంద్రం ఎక్కడుందో ఒక దశాంశం దాకా ఇస్తారు. ఉదాహరణకు 11.5 ఉత్తరం, 82.5 తూర్పు అనుకోండి. చెన్నైని 13.1, 80.3గా తీసుకుందాం. అక్షాంశం తేడా 1.6, అంటే దక్షిణానికి 177 కి.మీ. రేఖాంశం తేడా 2.2, అంటే తూర్పుకు 239 కి.మీ. రెండింటి వర్గాలు కూడి వర్గమూలం తీస్తే సుమారు 297. చెన్నైకి ఆగ్నేయంగా 300 కి.మీ. అన్నమాట, వార్తల్లో చెప్పే మాట ఇలా పుడుతుంది. ఒక దశాంశం అంటే 11 కి.మీ. అని చెప్పుకున్నాం కదా, కాబట్టి "కేంద్రం సరిగ్గా మా వీధి మీదికా" అన్న ప్రశ్నకు ఆ అంకెలో జవాబు ఉండదు.

తీరం దాటే చోటు చూడడానికి మాత్రం అక్షాంశం ఒక్కటే చాలు. చెన్నై నుంచి ఒంగోలు దాకా మన తీరం దాదాపు 80 డిగ్రీల రేఖాంశాన్ని అంటిపెట్టుకుని నిటారుగా ఉత్తరానికి పోతుంది. ఇందాక చెప్పిన రెండో గీత ఈ తీరమే. దాటే చోటు 13.1 అంటే చెన్నై, 14.4 అంటే నెల్లూరు ఎదురుగా, 15.9 అంటే బాపట్ల. అక్కడినుంచి తీరం ఈశాన్యానికి తిరుగుతుంది కనుక మచిలీపట్నం నుంచి పైకి రేఖాంశం కూడా చూడాలి. బులెటిన్లు వరసగా రాసుకుంటే దారి కనబడుతుంది: రేఖాంశం తగ్గుతూ అక్షాంశం అలాగే ఉంటే తుఫాను పడమటికి సూటిగా వస్తోంది, అక్షాంశం పెరుగుతూ రేఖాంశం పెద్దగా మారకపోతే తీరం వెంబడి పైకి పాకుతోంది. 2023 డిసెంబరులో మిచాంగ్ చేసింది రెండోది. చెన్నైని ముంచి, తీరానికి సమాంతరంగా ఉత్తరానికి పోయి, డిసెంబరు 5న బాపట్ల దగ్గర నేలకెక్కింది. కేంద్రం మన అక్షాంశం దాటిపోయినంత మాత్రాన వాన ఆగదన్నదీ ఆ తుఫానే చూపింది.

ఇక మిద్దె మీద కొలత. దీనికి అన్నిటికన్నా మంచి రోజులు విషువత్తులు, మార్చి 20 లేదా 21, సెప్టెంబరు 22 లేదా 23. ఆ రోజు సూర్యుడు భూమధ్యరేఖకు నిట్టనిలువుగా ఉంటాడు కాబట్టి మధ్యాహ్నం నడినెత్తి నుంచి ఎంత వాలి ఉన్నాడో అదే మన అక్షాంశం. మన పంచాంగకర్తలకు ఇది పాత లెక్క. పన్నెండు అంగుళాల శంకువు, అంటే నిటారుగా నిలిపిన పుల్ల, విషువత్తు నాటి మధ్యాహ్నం వేసే నీడను పలభ అంటారు, ఊరికొక పలభ ఉంటుంది. చెన్నైకి అది 2.79 అంగుళాలు, విజయవాడకు 3.56, కన్యాకుమారికి 1.70. లగ్నం కట్టేటప్పుడు ఊరు అడగడానికి ఉన్న కారణాల్లో ఇదొకటి.

కావలసినవి: 100 సెం.మీ. పొడవున్న సన్నని తిన్నని కడ్డీ, మేస్త్రీ గోడ తూకం చూసే గుండు, రసమట్టం, ఒక ప్లైవుడ్ పలక లేదా నున్నని గచ్చు, సుద్ద, టేపు. మిద్దె గచ్చు వాననీరు పోవడానికి ఏదో ఒక మూలకు వాలుగా పోసి ఉంటుంది. అందుకే పలక వేసి, కింద చెక్కముక్కలు పెట్టి రసమట్టంతో రెండు దిక్కులా సరిచేయండి. కడ్డీని గుండుతో రెండు పక్కల నుంచి చూసి నిటారుగా నిలపండి. ఇక్కడ బద్ధకించకూడదు: కడ్డీ ఉత్తరానికో దక్షిణానికో ఒక్క డిగ్రీ వాలితే జవాబు ఒక డిగ్రీ తప్పుతుంది, చెన్నైలో పెట్టిన కడ్డీ గూడూరు దరిదాపుల్లో ఉన్నట్టు తేలుతుంది.

పొద్దున 11:30 నుంచి 12:45 దాకా అయిదేసి నిమిషాలకు నీడ కొన దగ్గర గుర్తు పెట్టండి. గడియారంలో పన్నెండు కొట్టినప్పుడు కొలవడం పెద్ద పొరపాటు. మన గడియారం 82.5 డిగ్రీల రేఖాంశానిది, చెన్నై దానికి పడమట 2.23 డిగ్రీలు, డిగ్రీకి 4 నిమిషాల చొప్పున దాదాపు 9 నిమిషాలు ఆలస్యం. దానికి తోడు సూర్యుడే ఏడాదిలో కొన్నాళ్ళు ముందు, కొన్నాళ్ళు వెనక నడుస్తాడు. రెండూ కలిపితే చెన్నైలో అసలు మధ్యాహ్నం మార్చి విషువత్తు నాడు 12:16 ప్రాంతంలో, సెప్టెంబరు విషువత్తు నాడు 12:02 ప్రాంతంలో వస్తుంది. బెంగళూరులో దీనికి ఇంకో 11 నిమిషాలు కలపాలి. అయితే ఈ రోజు గడియారంతో పనే లేదు. విషువత్తు నాడు నీడ కొన సరళరేఖలో నడుస్తుంది. గుర్తులన్నీ కలిపి ఒక గీత గీయండి, అది తూర్పు పడమరలు. కడ్డీ మొదటి నుంచి ఆ గీతకు లంబం దించండి, అది అసలైన ఉత్తర దిక్కు, దాని పొడవే మధ్యాహ్నపు నీడ. మబ్బు వచ్చి మధ్యాహ్నం గుర్తు తప్పిపోయినా అటూ ఇటూ ఉన్న గుర్తులతో పని జరిగిపోతుంది.

చెన్నైలో ఆ నీడ 23.2 సెం.మీ. రావాలి. అమ్మాయికి త్రికోణమితి ఇంకా రాకపోతే కాగితం మీద 20 సెం.మీ. నిలువు, నీడలో అయిదో వంతు, అంటే 4.64 సెం.మీ. అడ్డం గీసి, పైకొన దగ్గరి కోణం కోణమానినితో కొలిస్తే సరి. లెక్క వచ్చినవాళ్ళు నీడను కడ్డీ పొడవుతో భాగించి విలోమ టాంజెంట్ తీయవచ్చు. నీడలో 1 సెం.మీ. తప్పు దాదాపు 60 కి.మీ., 1 మి.మీ. తప్పు 6 కి.మీ. అవుతుంది. అసలు ఇబ్బంది నీడ కొన మసకగా ఉండడం. సూర్యుడు చుక్క కాదు, అర డిగ్రీ వెడల్పున్న బింబం, కాబట్టి మీటరు కడ్డీకి కొన దగ్గర సెంటీమీటరు మేర మసక వస్తుంది. చిక్కని నీడ ఆగిన చోట గుర్తు పెడితే పావు డిగ్రీ, అంటే 30 కి.మీ. దక్షిణానికి తప్పుతారు. మసక మధ్యలో పెట్టండి, ఎప్పుడూ ఒకరే పెట్టండి. ఇవన్నీ సరిగ్గా చేస్తే పిల్లల చేతిలో కూడా 20, 30 కి.మీ. లోపు వస్తుంది, అది చాలా మంచి ఫలితం.

తేదీ కూడా ముఖ్యమే. విషువత్తుల దగ్గర సూర్యుడు రోజుకు దాదాపు 24 నిమిషాల కోణం జరుగుతాడు. ఒక రోజు ఆలస్యంగా చేసి సవరించకపోతే 44 కి.మీ. తప్పు. వేరే రోజు చేయాలంటే ఆ రోజు సూర్యుడి క్రాంతి, అంటే సూర్యుడు భూమధ్యరేఖకు ఎన్ని డిగ్రీలు ఉత్తరానో దక్షిణానో ఉన్నాడో ఆ కోణం, పంచాంగంలోనో ఖగోళ పట్టికలోనో చూసి, నీడ ఇచ్చిన కోణాన్ని దానితో సవరించాలి. ఉత్తర క్రాంతిని కలపాలి, దక్షిణ క్రాంతిని తీసేయాలి. డిసెంబరు 21న నీడ 74 సెం.మీ., కోణం 36.5, దాంట్లోంచి 23.4 తీసేస్తే 13.1. ఆ రోజుల్లో క్రాంతి దాదాపు కదలదు కాబట్టి రెండు రోజులు అటూ ఇటూ అయినా పట్టింపు లేదు.

మన ఊళ్ళలో ఒక మెలిక ఉంది. ఏప్రిల్ 24 ప్రాంతం నుంచి ఆగస్టు 18 దాకా సూర్యుడు మనకు ఉత్తరాన ఉంటాడు, మధ్యాహ్నపు నీడ దక్షిణానికి పడుతుంది. అప్పుడు కలపకూడదు, క్రాంతి నుంచి నీడ కోణాన్ని తీసేయాలి. జూన్ 21న నీడ 18.3 సెం.మీ., కోణం 10.4, 23.4 నుంచి తీసేస్తే 13.0 వస్తుంది. పాశ్చాత్య దేశాల వాళ్ళు రాసిన సూచనలు చూసి కలిపేస్తే 33.8 వచ్చి శ్రీనగర్ దగ్గరికి పోతారు. ఏప్రిల్ 24న చెన్నైలో 12:07కు, బెంగళూరులో 12:17 ప్రాంతంలో కడ్డీ నీడ పూర్తిగా దాని కిందికే పోతుంది. కొలవడానికి ఆ రోజు పనికిరాదు, చూపించడానికి మాత్రం అంతకన్నా మంచి రోజు లేదు.

ధ్రువ నక్షత్రంతోనూ చేయవచ్చు, అది దిగంతం నుంచి ఎంత ఎత్తులో ఉందో అదే అక్షాంశం. పాతకాలపు నావికులు కమాల్ అనే చెక్కపలకకు ముడులు వేసిన తాడు కట్టి, పళ్ళతో పట్టుకుని ఈ ఎత్తు కొలిచేవారు. చేరాల్సిన రేవు ఎత్తు వచ్చేదాకా ఉత్తరానికో దక్షిణానికో పోయి, ఆ తర్వాత ఆ ఎత్తు చెడకుండా సూటిగా ఒడ్డుకు వచ్చేవారు. ఇక్కడా రెండో గీత తీరమే. చెన్నైలో ఇంటి నుంచి ఇది కష్టం: 13 డిగ్రీలంటే చాచిన చేతి పిడికిలి, దాని మీద రెండు వేళ్ళు, ఆ కాస్త ఎత్తు పొగలో, దీపాల వెలుగులో మునిగిపోతుంది. కనబడినా నక్షత్రం అసలు ధ్రువానికి దాదాపు 40 నిమిషాల కోణం పక్కన తిరుగుతుంది, అంత కిందికి వచ్చాక గాలి దాన్ని ఇంకో 4 నిమిషాలు పైకెత్తి చూపిస్తుంది.

ఈ పని పక్కాగా చేసినవాళ్ళ ఆనవాళ్ళు మీ ఊళ్ళోనే ఉన్నాయి. 1792లో నుంగంబాకంలో వెలసిన అబ్జర్వేటరీలో పరికరాన్ని మోసిన రాతి స్తంభం ఇప్పటికీ వాతావరణ కేంద్రం ఆవరణలో ఉంది, దానికి సంబంధించిన శాసనం తెలుగులో కూడా చెక్కించారు. దేశంలో సర్వే రేఖాంశాలు ఒకప్పుడు ఆ చోటునుంచే లెక్కించారు. 1802 ఏప్రిల్ 10న సర్వేయరు విలియం లాంబ్టన్ పరంగిమలై దగ్గర మొదలుపెట్టి దక్షిణంగా సుమారు 12 కి.మీ. ఆధార రేఖను గొలుసుతో కొలిచాడు. రెండు చోట్ల అక్షాంశం నక్షత్రాలతో, మధ్య దూరం త్రిభుజాలతో కట్టి, డిగ్రీకి నేల మీద ఎంత పొడవో తేల్చడం ఆయన పని. మనం పైన వాడిన 110.6 లాంటి అంకెలు అలాంటి కొలతల నుంచే వచ్చాయి.

పాఠ్యపుస్తకంలో "భూకేంద్రం దగ్గరి కోణం" అని ఉంటే అది దాదాపు నిజం. భూమి అణిగి ఉండడం వల్ల గుండుతాడు సరిగ్గా కేంద్రం వైపు చూడదు, పటాల్లో వాడేది నిటారు దిక్కుతో కొలిచిన కోణం. మన దగ్గర రెండింటికీ తేడా 5 నిమిషాలు, 9 కి.మీ. పరీక్షకు పుస్తకంలో ఉన్నదే రాయమనండి.

అమ్మాయి పాత సర్వే పటం తెచ్చుకుంటే ఒక జాగ్రత్త. 1:50,000 పటంలో ఒక నిమిషం అక్షాంశం 3.7 సెం.మీ. రావాలి, కానీ కాగితం సాగుతుంది, జిరాక్సు కుదిస్తుంది. కాబట్టి స్కేలు కొలతను నేరుగా నమ్మకుండా, ముద్రించిన రెండు అక్షాంశ గీతల మధ్య దూరం కొలిచి, మీ చోటు ఆ దూరంలో ఎన్నో వంతుందో తీయాలి. పాత పటాలు భూమి ఆకారానికి 1830లో వేసిన ఎవరెస్ట్ లెక్క మీద గీసినవి, ఫోను వాడేది డబ్ల్యూజీఎస్ 84 అనే కొత్త లెక్క. చెన్నై దగ్గర ఒకే చోటుకు ఈ రెండింటిలో వంద మీటర్లకు పైగా తేడా వస్తుంది. పటంలో ఉన్న బావి ఫోను చెప్పిన చోట కనబడకపోతే, తప్పు చదివామనుకునే ముందు పటం అంచున ఏ లెక్క అని రాసి ఉందో చూడమనండి.